విజయనగరంలో చెక్క విమానం చేయించుకున్నాను: పనికి ఫుల్ మార్కులు, టైముకి మాత్రం కాదు

ముందు తీర్పు చెప్పేస్తాను, మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. పనితనానికి 5కి 5, టైముకి 2, కాక్‌పిట్ అద్దానికి సున్నా. పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది. ఆఫీసులో ఎవరో రిటైర్ అవుతున్నారు, ఎల్లుండికల్లా ఏదో ఒక బొమ్మ కావాలి అనుకునేవాళ్లు ఆ గుమ్మం తొక్కకండి, ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. ఫలానా పడవే కావాలి, ఫలానా విమానమే కావాలి, తెలిసినవాడు చూసి వేలెత్తి చూపించకూడదు అనే పిచ్చి ఉన్నవాళ్లకే ఈ రివ్యూ.

షాపు మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ఒక సందులో ఉంది. బోర్డు లేదు. గుమ్మం పక్కన సగం చెక్కిన నెమలి తలుపు, స్కూళ్లకిచ్చే షీల్డులు, తల ఇంకా పెట్టని గరుడ వాహనం ఒకటి, వీటన్నిటి మధ్య రంగు వేసిన సబ్‌మెరైన్ బొమ్మ కనిపిస్తే అదే షాపు. ఆయన్ని అందరూ ఆచారిగారనే పిలుస్తారు. తండ్రీ కొడుకులిద్దరే పని చేస్తారు. విశాఖలో నేవీ నుంచి రిటైర్ అయ్యేవాళ్లు తాము పనిచేసిన ఓడ బొమ్మ చేయించుకుంటారు, అలా మొదలైందట ఈ మోడళ్ల పని. మిగతా రోజుల్లో తలుపులు, ద్వారబంధాలు, పెళ్లిపీటలు.

నాకు కావాల్సింది మా బావగారి కోసం. శ్రీకాకుళంలో ఉంటారు, ఆ మధ్యే రిటైర్ అయ్యారు, పాత విమానాలంటే ప్రాణం. అందులోనూ 'లేడీ సదర్న్ క్రాస్' అనే ఒక చిన్న విమానం మీద ఆయనకి ఎక్కడలేని మమకారం, దానికి కారణం విమానం కాదు, బర్మా. వాళ్ల తాతగారు కళింగపట్నం వైపు నుంచి రంగం వెళ్లి మిల్లులో పనిచేసి, జపాను బాంబులు పడ్డాక 1942లో నానా పాట్లు పడి తిరిగొచ్చినవాళ్లలో ఒకరు. రంగం అంటే రంగూన్ అని ఈ జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు, ప్రతి రెండో ఇంట్లో ఒక రంగం కథ ఉంటుంది. ఈ విమానం పోయింది ఆ బర్మా సముద్రంలోనే. దాన్లో దొరికిన ఒకే ఒక్క ముక్క బర్మా జాలర్లకే దొరికింది.

ఫోన్లో నాలుగు ఫోటోలు చూపించి ఇది కావాలండీ అన్నాను. ఆచారిగారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి, ఫోను దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఏ రోజుటి ఇమానం బాబూ?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "నేవీ ఓళ్లు కూడా ఇలాగే వత్తారు. పడవ ఒకటే గానీ నంబరు మారిపోతాది, తుపాకీ మారిపోతాది. అయిపోయాక అది కాదండీ అంటే నానేటి సేత్తాను? ముందే సెప్పీండి." రేటు, సైజు ఏదీ అడక్కుండా ముందు ఇది అడిగిన మనిషి దగ్గర పని బాగుండకపోతే ఆశ్చర్యపోవాలి గానీ బాగుంటే ఏముంది!

ఎందుకంటే ఈ విమానానికి నిజంగానే రోజుకో అవతారం. 1930లో అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ దీన్ని సిరియస్ అనే రకంగా కట్టింది. ఆ రకాన్ని పేరున్న అమెరికా పైలట్ లిండ్‌బర్గ్ అడిగాడని జాన్ నార్త్రప్, జెరార్డ్ వల్టీ కలిసి గీశారు. సిరియస్‌కి చక్రాలు కిందే వేలాడుతూ ఉండేవి, వాటిని రెక్కల్లోకి ముడుచుకునేలా మార్చి ఆల్టెయిర్ అని పేరు పెట్టారు, మన విమానం 1934లో అలా సిరియస్ నుంచి ఆల్టెయిర్ అయింది. ఈలోగా కట్టిన కంపెనీయే చేతులు మారింది, మాంద్యం దెబ్బకి మూతపడితే 1932లో రాబర్ట్ గ్రాస్ అనే ఆయన మరికొందరితో కలిసి 40,000 డాలర్లకి కొన్నాడు. ఇవాళ యుద్ధవిమానాల కంపెనీగా మనం వినే లాక్‌హీడ్ ఒకప్పుడు ఆ రేటుకి పోయిందన్నమాట.

ఆల్టెయిర్‌ని కొన్నది సర్ చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్. ఆస్ట్రేలియాలో అప్పటికే ఆయన పేరు తెలియని పిల్లాడు లేడు. 1928లో మూడు ఇంజన్ల ఫోకర్ 'సదర్న్ క్రాస్'లో అమెరికా నుంచి ఆస్ట్రేలియాకి పసిఫిక్ మహాసముద్రం దాటిన మనిషి. ఆ పాత విమానం ఇక లండన్-మెల్‌బోర్న్ పందేనికి పనికిరాదని 1934లో ఈ కొత్తది తెచ్చుకున్నాడు. దాని మీద 'ఆంజాక్' అని రాయించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడిన ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికుల పేరది, చట్టప్రకారం ఎవరు పడితే వాళ్లు వాడుకోకూడదు, దాంతో సర్కారు అభ్యంతరం పెట్టింది, పేరు మార్చక తప్పలేదు. అలా వచ్చిందే 'లేడీ సదర్న్ క్రాస్'. రిజిస్ట్రేషన్ వీహెచ్-యూఎస్‌బీ. ఇంత హడావుడి చేసి పందెంలో పాల్గొన్నాడా అంటే అదీ లేదు, ఇంజన్ మీది కవచం పగుళ్లిచ్చి తప్పుకోవాల్సి వచ్చింది. జనం నానా మాటలూ అన్నారు. ఆ నోళ్లు మూయించడానికన్నట్టు అదే అక్టోబరులో పి.జి. టేలర్‌ని వెంటబెట్టుకుని బ్రిస్బేన్ నుంచి ఫిజీ, హోనలూలూ మీదుగా నవంబరు 4న అమెరికాలో ఓక్లండ్‌లో దిగాడు. ఆస్ట్రేలియా నుంచి అమెరికాకి పసిఫిక్ దాటిన మొదటి విమానం ఇదే. 1935లో ఇంగ్లండ్ చేరేసరికి బ్రిటిష్ రిజిస్ట్రేషన్ వచ్చింది, జీ-ఏడీయూఎస్. చివరి ప్రయాణం ఆ అక్షరాలతోనే.

కాబట్టి ఆచారిగారి ప్రశ్నకి నా దగ్గర మూడు జవాబులున్నాయి: ఆంజాక్ రోజులదా, పసిఫిక్ దాటిన రోజుదా, చివరి రోజుదా. బావగారికి ఫోన్ చేస్తే ఆలోచించకుండా "పసిఫిక్‌ది వేయించు, పోయిన రోజుది ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారా" అన్నారు. అక్క వెనకనుంచి ఇంకేదో అంటోంది, అది ఇక్కడ రాయను.

సైజు విషయంలో ఆయన లెక్క సింపుల్‌గా ఉంది, అడుగుకి అర అంగుళం. అసలు విమానం రెక్కల పొడవు 42 అడుగుల 9 అంగుళాలు, అంటే బొమ్మకి 21 అంగుళాల పైచిలుకు. రూ.9,500 చెప్పారు, సగం అడ్వాన్స్. బేరం ఆడబోతే, "తగ్గిత్తాను, సిలిండర్లు కూడా తగ్గిత్తాను" అన్నారు. ఊరుకున్నాను.

ఇక పని గురించి. నేను రంగు వద్దన్నాను, పాలిష్ చాలన్నాను, ఎందుకంటే అసలు విమానమే చెక్కది. చాలామందికి నమ్మకం కుదరదు గానీ అప్పటి లాక్‌హీడ్ విమానాల ఒళ్లంతా ప్లైవుడ్. సిమెంటు కాంక్రీటుతో పెద్ద అచ్చు పోసి, అందులో స్ప్రూస్ చెక్క పలకలు జిగురు పూసి పరిచి, పైన రబ్బరు సంచి పెట్టి గాలి కొట్టి, ఆ ఒత్తిడికి చెక్క అచ్చులోకి ఒదిగేలా ఉంచేవాళ్లు. అలా సగం ఒళ్లు తయారు, ఇంకో సగం అలాగే, రెండూ కలిపి అతికిస్తే గుడ్డు పెంకులా లోపల ఖాళీగా, తేలిగ్గా, గట్టిగా. ఇదంతా నేను ఆచారిగారికి చెప్పలేదు. నేను మధ్యలో ఒకసారి చూడ్డానికి వెళ్లేసరికి ఆయన విమానం ఒంటిని రెండు బద్దలుగా చేసి, లోపల ఉలితో తొలిచి, ఫెవికాల్ పూసి కలిపి, పాత సైకిల్ ట్యూబుని సన్నగా కోసి తల నుంచి తోక దాకా బిగించి చుట్టి పెట్టున్నారు. ఎందుకలా అంటే "క్లాంపులేత్తే సెక్క మీద సొట్ట పడిపోతాది, రబ్బరైతే అన్నేపులా ఒకేలా నొక్కుతాది" అన్నారు. అప్పుడు చెప్పాను లాక్‌హీడ్ వాళ్ల రబ్బరు సంచి సంగతి. పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మరింకేటి సేత్తారు" అన్నారంతే.

చెక్క కూడా మామూలుది కాదు. మొదట కొత్త టేకు చూపించారు, రెండోసారి వెళ్లేసరికి మనసు మార్చుకుని, ఎక్కడో పడగొట్టిన మండువా ఇంటి ద్వారబంధం ముక్క తీశారు. పాత బర్మా టేకు. చిత్రిక పడుతుంటే వచ్చే ఆ నూనె వాసన తెలిసినవాళ్లకి తెలుస్తుంది. రెక్క అంచు చూడండి, ముందువైపు గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ పోస్టుకార్డు అంత పల్చగా అయిపోతుంది, అయినా ఎక్కడా పెచ్చు లేవలేదు. ఒంటికీ రెక్కకీ మధ్య అతుకు దగ్గర వేలు పెట్టి రాస్తే వేలికి ఏమీ తగలదు. బర్మా సముద్రంలో పోయిన విమానానికి బర్మా టేకే దొరికిందని బావగారికి చెప్తే ఒకటే మురిసిపోయారు. దీనికి అదనంగా ఒక్క రూపాయి అడగలేదు, ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం.

మొదట ముక్కు దగ్గర ఇంజన్ బిగించినప్పుడు సిలిండర్లు ఎనిమిదే ఉన్నాయి. అది ప్రాట్ అండ్ విట్నీ వాస్ప్ ఇంజన్, తొమ్మిది సిలిండర్లు గుండ్రంగా ఉంటాయి. చెప్తే, సర్కిల్‌ని ఎనిమిది చేయడం తేలిక బాబూ, తొమ్మిది అంటే కొలతలు రావు అని కొడుకు గొణిగాడు. ఆచారిగారు వాడి చేతిలోంచి లాక్కుని, మారు మాట్లాడకుండా పక్కన పడేసి, మళ్లీ చేశారు. కవచం లోపల చీకట్లో ఉండే ముక్కలవి, టార్చి వేసి చూస్తే గానీ కనిపించవు. ఆ పాత ఎనిమిది సిలిండర్ల ముక్క ఇప్పటికీ షాపులో కీచైన్లు తగిలించే స్టాండుగా ఉంది.

ఇక ఇబ్బందులు. దసరాకి ముందే ఇస్తామన్నారు. పైడితల్లమ్మ పండగ దగ్గర పడ్డాక విజయనగరంలో వడ్రంగి పని చెప్పుకున్నవాడిదే తప్పు అని అందరూ అంటారు, చింతమాను ఊళ్లోకి వచ్చి, పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను చెక్కడం మొదలైందంటే ఎవరి మనసూ షాపులో ఉండదు. ఒప్పుకుంటాను. అయితే ఆ సంగతి అడ్వాన్స్ తీసుకున్న రోజే చెప్పొచ్చు కదా? ఫోన్ చేస్తే ఎత్తరు, ఎత్తితే "అయిపోయింది బాబూ, పాలిసే మిగిలింది" అంటారు, వెళ్లి చూస్తే రెక్కలే పెట్టలేదు. దసరాకి ముందన్నది కార్తీక మాసంలో చేతికొచ్చింది. రిటైర్మెంట్ గిఫ్ట్ కాస్తా వనభోజనాల గిఫ్ట్ అయింది.

అక్షరాలు వాళ్లు రాయరు, పక్కనున్న రేడియం స్టిక్కర్ల కుర్రాడికి ఇస్తారు. వాడు నేను రాసిచ్చిన చీటీ చూసి "యూఎస్‌బీ ఏటి సార్, పెన్‌డ్రైవా?" అని నవ్వి, నవ్వుతూనే యూబీఎస్ అని కోసేశాడు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి సరిపోయింది. మీరు ఎవరైనా వెళ్తే అతికించే ముందు స్టిక్కర్ ఫోటో వాట్సాప్‌లో పెట్టమనండి.

కాక్‌పిట్ అద్దం సంగతికొస్తే, ఇద్దరు మనుషులు ఒకరి వెనక ఒకరు కూర్చునే చోట పైన పారదర్శకంగా ఒక మూత ఉండాలి. ఏదో ప్లాస్టిక్ షీటు వేడి చేసి వంచారు, వంపు బాగానే వచ్చింది, కానీ క్షణంలో అతుక్కునే గమ్ము వాడేసరికి లోపలంతా తెల్లగా ఆవిరి పట్టినట్టు మసకబారిపోయింది. తుడిస్తే పోదు. ఇంత మంచి చెక్కపని మీద ఆ మసక అద్దం చూస్తే కడుపు మండుతుంది. చెప్తే "సెక్క పని మాది, గాజు పని మాది కాదు" అన్నారు. మరి ముందే చెప్పాలి కదండీ!

చక్రాల కథ వేరే ఉంది. ముడుచుకునే చక్రాలు కదా, కాబట్టి ఎగురుతున్నట్టు స్టాండు మీద పెట్టినప్పుడు తీసేసి, బల్ల మీద పెట్టినప్పుడు తగిలించుకునేలా చిన్న మేకులతో చేయమన్నాను. ఎడమది గట్టిగా కూర్చుంది. కుడిదానికి బెజ్జం కాస్త వదులు, ఎత్తినప్పుడల్లా ఊడి కింద పడుతుంది. బావగారు మాత్రం దీన్ని రిపేరు చేయించొద్దంటున్నారు. ఎందుకంటే 1935 నవంబరు 6న కింగ్స్‌ఫర్డ్ స్మిత్, కో-పైలట్ టామీ పెథీబ్రిడ్జ్ ఇంగ్లండ్‌లో లింప్న్ నుంచి రికార్డు కోసం ఆస్ట్రేలియాకి బయలుదేరి, అలహాబాద్ దాటి సింగపూర్ వైపు రాత్రిపూట ఎగురుతూ 8వ తేదీ తెల్లవారుజామున మాయమైపోయారు. జిమ్మీ మెల్‌రోజ్ అనే ఇంకో పైలట్ అదే దారిలో వెళ్తూ వీళ్ల ఇంజన్ పొగగొట్టాల మంట తనని దాటిపోవడం చూశానన్నాడు, అంతే, ఆ తర్వాత ఏమీ లేదు. ఏడాదిన్నర గడిచాక, 1937లో, మర్తబాన్ సింధుశాఖలో అయే దీవి దగ్గర బర్మా జాలర్లకి ఒక చక్రం కాలు దొరికింది, టైరులో గాలి ఇంకా ఉంది. లాక్‌హీడ్ వాళ్లు చూసి అది ఈ విమానానిదే అన్నారు. దాని మీద పట్టిన నాచు పరిశీలించిన వృక్షశాస్త్రజ్ఞులు, మిగతా విమానం అక్కడికి దగ్గర్లోనే దాదాపు 27 మీటర్ల లోతులో ఉండొచ్చని లెక్క కట్టారు. ఇప్పుడా కాలు సిడ్నీలో పవర్‌హౌస్ మ్యూజియానిది. "అసలు దాన్లో దొరికిందే ఆ కాలు, మీ ఆచారి బొమ్మలోనూ అదే ఊడిందిరా" అని బావగారు వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నారు. కాబట్టి ఈ లోపానికి మార్కులు కొయ్యాలో కలపాలో నాకు తెలియట్లేదు, వదిలేశాను.

2009లో ఒక ఆస్ట్రేలియా సినిమా ఆయన, నీళ్లలో శబ్దం పంపి వెతికే సోనార్‌తో విమానాన్ని కనిపెట్టేశానని ప్రకటించాడు, తెలిసినవాళ్లు చాలామంది నమ్మలేదు. మన వాయుసేన విమానం ఏఎన్-32 సంగతి గుర్తుందా, 2016 జులైలో తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్ వెళ్తూ 29 మందితో పోయింది, అందులో విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో వాళ్లు ఎనిమిది మంది. దాని శకలాలు 2024 జనవరిలో 3,400 మీటర్ల లోతులో దొరికాయి. అంత లోతులోది దొరికి, ఇరవై ఏడు మీటర్లలో ఉందనుకున్నది ఇంకా దొరక్కపోవడమేంటో అని బావగారి బాధ. సముద్రం ఇచ్చేదాకా ఇవ్వదు, ఇచ్చేటప్పుడు అడక్కుండా ఇస్తుంది అంటారాయన. 2022 మేలో అసాని తుపాను టైములో సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది కదా, మయన్మార్ వైపుదే అయి ఉంటుందన్నారు, అప్పుడు బావగారు పని మానుకుని మరీ వెళ్లి చూసొచ్చారు.

ప్యాకింగ్ మాత్రం మెచ్చుకోవాలి. రెక్కలు విడదీసే వీలు లేదు కాబట్టి థర్మోకోల్‌ని విమానం ఆకారంలో కోసి, చుట్టూ పాత చీర గుడ్డ దూర్చి, అట్టపెట్టెలో కట్టిచ్చారు. శ్రీకాకుళం బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను. పక్క సీటు పెద్దాయన పెట్టెలో ఏముందని అడిగి, విమానం అంటే "భోగాపురం ఎయిర్‌పోర్టుకా?" అన్నాడు.

వెళ్లేవాళ్లకి నేను చెప్పేది: సాయంత్రం నాలుగు దాటాక వెళ్లండి, పొద్దున్న ఆయన తలుపులు బిగించడానికి ఎవరింటికో వెళ్తారు. ఫోటోలు ముందు, పక్క, పై నుంచి మూడు వైపులవీ ప్రింటు తీసి పట్టుకెళ్లండి, ఫోన్లో చూపిస్తే కొడుకు దాని మీదే గమ్ము పోస్తాడు. అద్దం ఉన్న మోడల్ అయితే అద్దం వేరేచోట చేయించుకోండి. అడ్వాన్స్ సగం కంటే ఎక్కువ ఇవ్వకండి. భాద్రపదం, ఆశ్వయుజం వదిలేయండి.

బావగారికి ఇప్పుడు పాత 'సదర్న్ క్రాస్' కూడా కావాలట. అది 1935లో ఆస్ట్రేలియా ప్రభుత్వం 3,000 పౌండ్లకి కొనుక్కోబట్టి బతికిపోయింది, ఇవాళ బ్రిస్బేన్ విమానాశ్రయం దగ్గర భద్రంగా ఉంది. మొన్న వెళ్లి రేటు అడిగాను. దానికి మూడు ఇంజన్లు, ఒక్కోదానికి తొమ్మిది సిలిండర్లు, పైగా కవచాలు లేవు, అన్నీ బయటికే కనిపిస్తాయి. కొడుకు 27 అని లెక్కేసి తండ్రి మొహం చూశాడు. ఆచారిగారు రూ.22,000 అన్నారు, సంక్రాంతి తర్వాత రమ్మన్నారు, ఏ సంక్రాంతో చెప్పలేదు.